స్వల్పదూర పరుగుల కాలాల మార్పిడి: త్రైరాశికం ఎందుకు సరిపోదు?

ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్ పోలీసు కానిస్టేబుల్ నియామకాలకు 2022లో వెలువడిన ప్రకటన ప్రకారం 100 మీటర్ల పరుగుకు గడువు పురుషులకు (మాజీ సైనికులు మినహా) 15 సెకన్లు, మహిళలకు 18 సెకన్లు. పెడనలో ఒక అభ్యర్థికి సాధన కోసం 60 మీటర్ల చదును నేల మాత్రమే దొరికిందనుకుందాం. ఆ దూరాన్ని అతడు 9.2 సెకన్లలో పరుగెత్తాడు. త్రైరాశికం వేస్తే 100 మీటర్లకు 15.33 సెకన్లు వస్తాయి. అంటే గడువు దాటినట్టే. ఈ నిర్ణయం ఎంతవరకు సరైనదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

త్రైరాశికంలోని లోపం

పరుగు ఆద్యంతం ఒకే వేగంతో సాగుతుందన్న భావన మీద త్రైరాశికం ఆధారపడుతుంది. వాస్తవం వేరు. 2009 బెర్లిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పూర్తిచేశాడు. అందులో ప్రతి 20 మీటర్లకు పట్టిన కాలం వరుసగా 2.89, 1.75, 1.67, 1.61, 1.66 సెకన్లు. నిశ్చలస్థితి నుంచి వేగం అందుకోవడానికి అయ్యే జాప్యం మొదటి భాగంలోనే ఉంది. దూరం పెరిగినా ఆ జాప్యం మళ్ళీ రాదు. అందువల్ల బోల్ట్ 60 మీటర్ల కాలాన్ని (6.31) త్రైరాశికంతో పెంచితే 10.52 వస్తుంది, అసలు కాలం కంటే ఇది 0.94 సెకను ఎక్కువ.

మిగిలిన దూరానికే లెక్క

ఇంతకంటే మెరుగైన పద్ధతి ఒకటుంది. పరిగెత్తిన దూరానికి పట్టిన కాలాన్ని యథాతథంగా ఉంచి, మిగిలిన దూరానికి మాత్రమే చివరి 20 మీటర్ల వేగాన్ని వర్తింపజేయాలి. బోల్ట్ విషయంలో 6.31కి 3.34 కలిపితే 9.65. తేడా 0.07 సెకను మాత్రమే.

మన అభ్యర్థికి చివరి 20 మీటర్లకు 2.7 సెకన్లు పట్టిందనుకుంటే, మిగిలిన 40 మీటర్లకు 5.4, మొత్తం 14.6. అలసట వల్ల ఆ 40 మీటర్లకు 5 శాతం ఎక్కువ కాలం పడితే 14.87, 10 శాతమైతే 15.14. చేతి గడియారంతో కొలిచిన కాలాన్ని ఎలక్ట్రానిక్ కాలంతో పోల్చేటప్పుడు 100, 200 మీటర్లకు 0.24 సెకను కలపడం అథ్లెటిక్స్‌లో వాడుక. అదీ చేరిస్తే 14.87 కూడా 15.11 అవుతుంది.

దూరం పెరిగితే

200 నుంచి 400 మీటర్లకు మారేటప్పుడు అలసటే ప్రధానాంశం. వేడ్ వాన్ నీకెర్క్ అత్యుత్తమ కాలాలు 200 మీటర్లకు 19.84, 400కు 43.03, రెట్టింపుపై 3.35 సెకన్లు అధికం. 2007లో బోల్ట్ కాలాలు 19.75, 45.28, రెట్టింపుపై 5.78 అధికం. 200 మీటర్లలో దాదాపు సమానులైన ఇద్దరి మధ్య 400 మీటర్లలో 2.25 సెకన్ల అంతరం ఏర్పడింది. కనుక అందరికీ వర్తించే ఏకైక గుణకం లేదు.

ముగింపు

త్రైరాశికం ఈ అభ్యర్థిని అకారణంగా నిరుత్సాహపరుస్తుంది. రెండవ పద్ధతి ఒక్కటే చూస్తే అతిధీమా కలుగుతుంది. అలసట, కొలత తేడాలు కలిసి అతణ్ణి గడువుకు అటూ ఇటూ నిలుపుతున్నాయి. మార్పిడి లెక్క సాధనకు దారి చూపగలదే గాని తీర్పు చెప్పలేదు. పరీక్షకు ముందు ఒక్కసారైనా పూర్తి 100 మీటర్లు కొలిచి పరుగెత్తించడమే వ్యాయామోపాధ్యాయులు చేయవలసిన పని.