చవక కూపే నేర్పిన విద్య

కర్నూలు జిల్లా జొన్నగిరి నుంచి గుత్తి రోడ్డు పట్టుకుని, అశోకుడి శాసనాలున్న ఎర్రగుడి గుట్టలు దాటి వెళ్తే 44వ నంబరు జాతీయ రహదారి తగులుతుంది. అక్కణ్ణుంచి దక్షిణానికి తిరిగి అనంతపురం మీదుగా పోతే, పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ కనిపిస్తుంది. 536 ఎకరాల స్థలం, ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల సామర్థ్యం. 2019 ఆగస్టులో ఇక్కడి సెల్టోస్ మార్కెట్లోకి వచ్చింది, మరుసటి ఏడాది సోనెట్ వచ్చింది. సోనెట్‌లో ఒక రకానికి లీటరు కన్నా చిన్నదైన టర్బో పెట్రోల్ ఇంజిన్ ఉంటుంది. 998 సీసీ, మూడే సిలిండర్లు, అయినా సుమారు 120 హార్స్‌పవర్ ఇస్తుంది. ఆదోని సంతకు, ఎమ్మిగనూరు బంధువుల ఇంటికి తిరిగే కుటుంబపు కారులో ఇంత దమ్మున్న ఇంజిన్ ఉండటం ఇప్పుడు ఎవరికీ వింతగా లేదు. కానీ ఈ విద్య కొరియా కంపెనీకి ఎలా అబ్బిందో వెతుక్కుంటూ పోతే, మన దేశంలో ఒక్కనాడూ అమ్మకానికి రాని ఒక చిన్న కారు దగ్గర ఆగాల్సి వస్తుంది. కియా ఉన్న గ్రూపుకే చెందిన హ్యుందాయ్ చేసిన ఆ కారు పేరు స్కూప్. రెండు తలుపులు, వాలు కప్పు ఉన్న చవక కూపే.

కూపే అంటే ముందు కూర్చున్న ఇద్దరి కోసం తయారైన కారు. కప్పు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి వెనక సీట్లో పెద్దవాళ్లకు తల తగులుతుంది. లోపలికి వెళ్లాలంటే ముందు సీటు మడవాలి. పిల్లాపాపలతో పెళ్లికి బయల్దేరే ఇంటికి ఇది పనికిరాదు. వంపు తిరిగేటప్పుడు టైరు రోడ్డును ఎలా పట్టుకుందో స్టీరింగ్ ద్వారా చేతులకు తెలియాలని, గేరు సరైన క్షణంలో పడాలని తపించేవాళ్లే దీన్ని కొంటారు. అలాంటివాళ్లలో చాలామందికి ఖరీదైన స్పోర్ట్స్ కారు కొనే స్తోమత ఉండదు. 1980ల్లో జపాన్ కంపెనీలు ఆ కొరత కనిపెట్టాయి. మామూలు చిన్న కారు అడుగుభాగం, సస్పెన్షన్, గేర్‌బాక్స్ తీసుకుని, పైన కొత్త ఒళ్లు తొడిగి, బరువు తగ్గించి, తక్కువ ధరకు అమ్మాయి. హోండా సీఆర్‌ఎక్స్ అలా పుట్టిందే. ఆ తర్వాత టొయోటా పాసియో, మాజ్దా ఎంఎక్స్-3 అదే దారిలో వచ్చాయి.

హ్యుందాయ్‌కు కూపే మీద మోజు అంతకంటే ముందే ఉంది. 1974లో ఇటలీలోని ట్యూరిన్ మోటార్ షోలో ఆ కంపెనీ తన మొదటి సొంత కారు పోనీని చూపించింది. దాని పక్కనే పోనీ కూపేను కూడా నిలబెట్టింది. రెండింటినీ గీసింది ఇటలీ డిజైనర్ జోర్జెట్టో జుజారో. కొన్నేళ్ల తర్వాత ఆయన గీసిన డెలోరియన్ కారులో ఈ కూపే పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి. పోనీ 1975 చివర్లో తయారీకి వెళ్లి కొరియా రోడ్లెక్కింది. కూపే మాత్రం తయారీ గడప దాకా వచ్చి, ఆర్థిక పరిస్థితులు బాగోలేక 1981లో ఆగిపోయింది. అసలు నమూనా కూడా మిగల్లేదు. జుజారోనే మళ్లీ పిలిపించి కంపెనీ దాన్ని 2023లో తిరిగి తయారు చేయించింది.

కూపే ఆగినా కంపెనీ ఆగలేదు. 1986లో హ్యుందాయ్ ఎక్సెల్ అమెరికాలో దిగింది. ధర 4,995 డాలర్ల నుంచి మొదలు. మొదటి ఏడాదే 1,68,882 కార్లు అమ్ముడుపోయాయి. అంతవరకు ఏ విదేశీ కంపెనీకీ మొదటి ఏడాది అంత గిరాకీ రాలేదు. అయితే కొన్నవాళ్ల సంబరం ఎక్కువకాలం నిలవలేదు. మరమ్మతులు పెరిగాయి, పేరు పాడైంది. చవక అన్న మాటకు నాసి అన్న అర్థం అంటుకుంది. పైగా ఇంజిన్ సొంతం కాదు. మిత్సుబిషి దగ్గర లైసెన్సు తీసుకుని, ప్రతి కారుకూ రాయల్టీ కట్టి వాడుకునేది.

స్కూప్ పుట్టింది ఈ పరిస్థితుల్లోనే. 1990లో ఎక్సెల్ అడుగుభాగం మీదే దీన్ని కట్టారు. పొడవు 4.2 మీటర్లు, బరువు దాదాపు ఒక టన్ను. ముందు చక్రాలను తిప్పే 1.5 లీటర్ల మిత్సుబిషి ఇంజిన్, అమెరికాలో 81 హార్స్‌పవర్. కంపెనీ దీన్ని స్పోర్ట్స్ కారు అనడానికి సాహసించలేదు, 'స్పోర్ట్స్ లుకింగ్ కార్' అని ప్రచారం చేసింది. మొదటి స్కూప్ విషయంలో ఆ జాగ్రత్త సబబే. పైన పటారం, లోన ఎక్సెల్. వాలు కప్పు కుర్రకారును ఆకట్టుకున్నా, యాక్సిలరేటర్ తొక్కితే మామూలు కారు పరుగే.

ఆ లోటు తీర్చే పని కొరియాలో యోంగిన్ దగ్గరి మబుక్-రి పరిశోధన కేంద్రంలో అప్పటికే నడుస్తోంది. సొంత ఇంజిన్ లేకుండా కార్ల కంపెనీగా నిలబడలేమని హ్యుందాయ్ వ్యవస్థాపకుడు చుంగ్ జు-యుంగ్ 1980ల మొదట్లోనే తేల్చుకున్నారు. అమెరికాలో చదువుకుని జనరల్ మోటార్స్‌లో పనిచేస్తున్న లీ హ్యున్-సూన్ అనే ఇంజినీరును 1984లో పిలిపించారు. బ్రిటన్‌కు చెందిన రికార్డో సంస్థ సాయం తీసుకున్నారు. ఇంజిన్ తయారు చేసిన అనుభవం జట్టులో ఎవరికీ పెద్దగా లేదు. పరీక్షకు పెట్టిన తొలి ఇంజిన్లు ఒకదాని వెంట ఒకటి పగిలిపోయాయి. వేడి ఎక్కడ ఎక్కువవుతోంది, నీళ్లు ఎక్కడ సరిగా తిరగడం లేదు, లోహం ఎక్కడ నెర్రె విచ్చుతోంది అని పగిలిన ప్రతి ఇంజిన్‌నూ విప్పి చూసుకుంటూ పోయారు. 1991లో ఆల్ఫా ఇంజిన్ సిద్ధమైంది. 1495 సీసీ, నాలుగు సిలిండర్లు, సిలిండరుకు మూడు చొప్పున 12 వాల్వులు. కొరియా తన బుర్రతో తయారు చేసుకున్న మొదటి కారు ఇంజిన్ అది. దాన్ని మొట్టమొదట పెట్టింది ఏ పెద్ద కారులోనో కాదు, స్కూప్‌లో.

అదే ఏడాది టర్బో రకం కూడా వచ్చింది. ఇంజిన్ బయటికి వదిలే వేడి పొగలో ఇంకా చాలా శక్తి మిగిలి ఉంటుంది. టర్బో ఆ పొగతోనే ఒక చిన్న చక్రాన్ని నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న మరో చక్రం బయటి గాలిని పీల్చి, ఒత్తి, సిలిండర్లలోకి తోస్తుంది. కొలిమి నిప్పుకు తిత్తి చేసే పని ఇంజిన్‌కు ఇది చేస్తుంది. గాలి ఎక్కువ వెళ్తే పెట్రోలు ఎక్కువ మండించవచ్చు, ఇంజిన్ పెద్దది కాకుండానే బలం పెరుగుతుంది. అమెరికాలో అమ్మిన స్కూప్ టర్బోకు 115 హార్స్‌పవర్, కొరియాలో అంతకన్నా కొంచెం ఎక్కువ. నిలబడ్డ చోటు నుంచి పది సెకన్లలోపే గంటకు 100 కిలోమీటర్ల వేగం అందుకున్న, 200 కిలోమీటర్ల గీత దాటిన కొరియా కారుగా అది పేరు తెచ్చుకుంది.

మరి నడపడం మీద మక్కువ ఉన్నవాడికి అది మంచి కారేనా? టన్ను బరువుకు ఆ బలం చాలు. బరువు తక్కువైతే బ్రేకు తొందరగా పడుతుంది, వంపులో టైర్ల మీద భారం తగ్గుతుంది. సీటు కిందికి ఉండటం వల్ల బరువుకేంద్రం కూడా కిందే ఉంటుంది. వంపు తిరిగేటప్పుడు లోపలి చక్రాల మీది బరువు బయటి చక్రాల మీదికి జరుగుతుంది. బరువుకేంద్రం ఎంత కిందుంటే ఆ జరుగుబాటు అంత తక్కువ, నాలుగు టైర్లూ పనిచేసే తీరు అంత సమంగా ఉంటుంది. ఇవన్నీ స్కూప్‌కు కలిసొచ్చాయి. లోపాలూ ఉన్నాయి. ఆనాటి టర్బోలో పొగ జోరు పెరిగి చక్రం వేగం పుంజుకునేదాకా బలం రాదు. తొక్కిన కాలికీ కదిలిన కారుకూ మధ్య ఎడం ఉండేది. వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. కారును లాగేవీ, దిశ మళ్లించేవీ ముందు చక్రాలే అయినప్పుడు ఆ తోపుకు స్టీరింగ్ పక్కకు గుంజుతుంది. వేగంలో, నునుపులో హోండా, మాజ్దాలను అందుకోలేకపోయింది.

అయినా 1992లో న్యూజిలాండ్ డ్రైవర్ రాడ్ మిల్లెన్ స్కూప్ టర్బోతో అమెరికాలోని పైక్స్ పీక్ కొండ ఎక్కుడు పోటీకి వెళ్లారు. 20 కిలోమీటర్లు, 156 వంపులు, గమ్యం 4,300 మీటర్ల ఎత్తున. అప్పట్లో దారి చాలావరకు మట్టిరోడ్డే. అంత ఎత్తులో గాలి పలచన, మామూలు ఇంజిన్లకు ఊపిరి చాలదు. టర్బోకు అక్కడే మేలు, పలచని గాలిని ఒత్తి చిక్కబరుస్తుంది కాబట్టి. మిల్లెన్ తన తరగతిలో రికార్డు పెట్టారు. నాసి అన్న మాట పడ్డ కంపెనీకి అది చిన్న విజయం కాదు.

స్కూప్ 1995లో ఆగిపోయింది. 1996లో టిబురాన్ అనే పెద్ద కూపే దాని చోటు తీసుకుంది. ఆల్ఫా మాత్రం బతికింది, బతికి మన దగ్గరికే వచ్చింది. 1996 మేలో హ్యుందాయ్ భారత్‌లో సంస్థ పెట్టి, చెన్నై శివార్లలోని శ్రీపెరుంబుదూరు దగ్గర ఫ్యాక్టరీ కట్టింది. 1998లో సాంత్రో వచ్చింది. 1999 అక్టోబరులో యాక్సెంట్ వచ్చింది. దాని బానెట్ కింద ఉన్నది ఆల్ఫా కుటుంబపు 1495 సీసీ, 12 వాల్వుల ఇంజినే. 94 హార్స్‌పవర్. డాక్టర్లు, కాంట్రాక్టర్లు, పత్తి వ్యాపారులు, తర్వాత ట్యాక్సీవాళ్లు దాదాపు 14 ఏళ్లపాటు తెలుగు నేల మీద ఆ కారును తిప్పారు. యాక్సెంట్ బాగా లాగుతుంది అని మెచ్చుకున్నవాళ్లలో చాలామందికి ఆ ఇంజిన్ తొలి అడుగులు ఒక కూపేలో పడ్డాయని తెలియదు.

చవక స్పోర్టీ కూపేను అమ్మకాల లెక్కతో మాత్రమే తూచడం అన్యాయం అనడానికి స్కూప్ కన్నా మంచి సాక్ష్యం లేదు. కొత్త ఇంజిన్‌ను, అనుభవం లేని టర్బోను, మొహమాటం లేకుండా తప్పులు ఎత్తిచూపే కొనుగోలుదారులను కంపెనీ ముందు ఈ చిన్న కారుతోనే ఎదుర్కొంది. నేర్చుకున్నది కుటుంబాల కార్లకు పంచిపెట్టింది.

అలాంటప్పుడు మన దగ్గర అలాంటి కూపే ఎందుకు లేదు? మొదటి కారణం పన్ను. 2006 బడ్జెట్ నుంచి 4 మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ మించని ఇంజిన్ ఉన్న కార్లకు పన్ను రాయితీ ఉంది. 2025 సెప్టెంబరు నుంచి ఆ కార్లకు జీఎస్టీ 18 శాతం, మిగతా పెట్రోల్, డీజిల్ కార్లకు 40. స్కూప్ లాంటిది ఇవాళ వస్తే పొడవు 4.2 మీటర్లు, ఇంజిన్ 1.5 లీటర్లు, రెండు రకాలుగానూ పెద్ద శ్లాబులోకే పోతుంది. చవక అన్న మాటే చెల్లదు. రెండో కారణం ఇల్లు. ఒక్క కారు కొనే ఇంట్లో అందరూ కూర్చోవాలి.

మూడో కారణం కాళ్ల కిందే ఉంది. ఆదోని, పత్తికొండ చుట్టుపక్కల పత్తి పండే నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు వారుతుంది. పైన వేసిన తారు రోడ్డు దానితోపాటే లేచి దిగుతుంది. కొన్నేళ్లకు రోడ్డు అలలు అలలుగా మారుతుంది. స్పోర్టీ కారుకు స్ప్రింగులు బిగుతుగా, నేలకూ అడుగుకూ మధ్య ఖాళీ తక్కువగా ఉంటాయి. నున్నటి రోడ్డు మీద అదే దాని బలం. ఇక్కడి అలల మీద బిగుసుకున్న స్ప్రింగు చక్రాన్ని రోడ్డుకు ఆనించి ఉంచలేదు, చక్రం ఎగిరి పడుతుంది. చక్రం గాలిలో ఉంటే స్టీరింగ్ తిప్పినా కారు తిరగదు, బ్రేకు వేసినా ఆగదు. సోనెట్ కింద 205 మిల్లీమీటర్ల ఖాళీ ఊరికే ఇవ్వలేదు.

అందుకే భారత్‌లో నడపడం మీది ఆ మక్కువకు దారి చిన్న కారులోనే దొరికింది. స్కూప్ టర్బో 1495 సీసీతో ఇచ్చిన బలాన్ని ఇవాళ్టి సోనెట్ ఇంజిన్ 998 సీసీతో ఇస్తోంది. పెట్రోలును ఇప్పుడు నేరుగా సిలిండరులోకే చిమ్ముతున్నారు. అది లోపల ఆవిరవుతూ గాలిని చల్లబరుస్తుంది కాబట్టి పెట్రోలు అకాలంగా మండి ఇంజిన్ టకటకలాడకుండా (నాకింగ్ లేకుండా) గాలిని మరింత ఒత్తవచ్చు. టర్బో చక్రం చిన్నది కావడంతో 1500 చుట్ల దగ్గరే పూర్తి లాగుడు అందుతుంది, పాత ఎడం చాలావరకు పోయింది. ఇదే ఇంజిన్‌తో హ్యుందాయ్ 2021లో తన ఐ20 చిన్న కారుకు స్పోర్టీ రకంగా ఐ20 ఎన్ లైన్ తెచ్చింది. పొడవు 3,995 మిల్లీమీటర్లు. సస్పెన్షన్ బిగించారు, స్టీరింగ్‌కు బరువు పెంచారు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఇచ్చారు. మొదట్లో దీనికీ, సోనెట్‌కూ క్లచ్ పెడల్ లేని మాన్యువల్ గేర్‌బాక్స్ వచ్చింది. గేర్ లివర్‌ను కదిపితే అందులోని సెన్సర్ ఆ సంగతి కంట్రోల్ యూనిట్‌కు చెబుతుంది, హైడ్రాలిక్ పీడనం క్లచ్‌ను విడదీస్తుంది, గేరు పడగానే మళ్లీ కలుపుతుంది. ట్రాఫిక్‌లో కాలికి హాయి. కానీ క్లచ్‌ను తన కాలితో వదిలే సుఖం కోరేవాళ్లు మామూలు మాన్యువల్ అడిగారు. 2023లో ఎన్ లైన్‌కు కంపెనీ క్లచ్ పెడల్ తిరిగి ఇచ్చింది.

ఇలాంటి కారు కొనాలనుకునే కుర్రవాళ్లు షోరూము ముందున్న నున్నటి రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి సంతకం పెట్టకూడదు. ఇంట్లోవాళ్లను వెనక కూర్చోబెట్టి, రోజూ తిరిగే ఊరి రోడ్డు మీదికే టెస్ట్ డ్రైవ్ తీసుకెళ్లాలి. అలల రోడ్డు మీద 60 వేగంలో స్టీరింగ్ చేతిలో నిలకడగా ఉందా, రెండో గేరులో నిదానంగా పోతూ ఒక్కసారి తొక్కితే లాగుడు ఎంతసేపటికి అందుతోంది, ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ముక్కు ఎంత వంగుతోంది, వెనక కూర్చున్నవాళ్లకు నడుము పడుతోందా అని చూడాలి. ఇందులో మొదటి మూడూ బాగున్నాయనిపించి, నాలుగో దానికి ఇంట్లోవాళ్లు సరేనంటే ఆ కారుకు బయానా ఇవ్వవచ్చు.