యంత్రానికి అక్షరాభ్యాసం

ఫలక్‌నుమా రోడ్డు తెల్లవారకముందే మేలుకుంటుంది. ఇక్కడ రైల్వే స్టేషన్ ఉంది. ఆర్టీసీ బస్సు డిపో ఉంది. ఇటు చార్మినార్ వైపు, అటు చాంద్రాయణగుట్ట వైపు బండ్లు పోతూనే ఉంటాయి. బస్సు, లారీ, ఆటో, స్కూటరు, తోపుడు బండి అన్నీ ఒకే రోడ్డు మీద నడుస్తాయి. వాటి మధ్య నుంచే ఆడవాళ్లు పిల్లల చెయ్యి పట్టుకొని రోడ్డు దాటుతారు.

బస్సు డ్రైవరుకు ఇదంతా తెలుసు. ఆటో ఎప్పుడు ఆగుతుందో, మనిషి ఎటు నుంచి వస్తాడో అనుభవం మీద కనిపెడతాడు. కానీ ఎంత మంచి డ్రైవరు అయినా మనిషే. అలసిపోతాడు. కునుకు పట్టవచ్చు. ఒక్క క్షణం పక్కకు చూస్తే చాలు, ప్రమాదం జరుగుతుంది.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. అంటే రోజుకు సుమారు 460 మంది. వీరిలో 32 వేల మందికి పైగా కాలినడకన పోయేవాళ్లే. బండి లేనివాళ్లు కూడా బండి కింద పడుతున్నారన్న మాట.

డ్రైవరుకు తోడుగా ఇంకో కన్ను ఉంటే ఎట్లా ఉంటుంది? ఈ ఆలోచనతోనే అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలిసి పని చేస్తున్నారు. ఆ కన్ను పేరు కెమెరా. దాని వెనుక ఉండే మెదడు కంప్యూటరు.

కంప్యూటరు ఎట్లా నేర్చుకుంటుంది?

కెమెరా బొమ్మ తీస్తుంది. కానీ ఆ బొమ్మలో ఏముందో దానికి తెలియదు. చదువు రాని మనిషికి అక్షరాలు గీతల్లాగానే కనిపిస్తాయి కదా! కంప్యూటరుకూ అంతే. రోడ్డు, మనిషి, చెట్టు అన్నీ రంగు మచ్చలే.

అందుకని దానికీ అక్షరాభ్యాసం చేయాలి. ముందు వేల బొమ్మలు తీస్తారు. ఒక్కో బొమ్మలో ప్రతి వస్తువు చుట్టూ గీత గీస్తారు. ఇది రోడ్డు, ఇది లారీ, ఇది మనిషి అని పేరు రాస్తారు. ఈ పని మనుషులే కూర్చుని చేస్తారు. అట్లాంటి బొమ్మలు వేలకు వేలు చూపిస్తే, కంప్యూటరు మెల్లగా గుర్తు పట్టడం నేర్చుకుంటుంది. వాచకంలో బొమ్మ చూసి మాట నేర్చుకున్నట్టే ఇదీ.

జర్మనీ వాచకం మనకు పనికిరాలేదు

2016లో ఇట్లాంటి పెద్ద బొమ్మల వాచకం ఒకటి వచ్చింది. దాని పేరు సిటీస్కేప్స్. జర్మనీ, దాని పక్క దేశాలలోని 50 నగరాలలో ఆ బొమ్మలు తీశారు. అక్కడ రోడ్డు మీద గీతలు ఉంటాయి. బండ్లు ఆ గీతల మధ్యనే పోతాయి. మనుషులు ఫుట్‌పాత్ మీద నడుస్తారు.

ఆ వాచకంలో ఆటో అనే మాటే లేదు. రోడ్డు మధ్య నిలబడే ఆవు లేదు. అది చదివిన కంప్యూటరును మన రోడ్డు మీదికి తెస్తే తడబడింది. చాలా వాటిని సరిగా గుర్తు పట్టలేకపోయింది.

అప్పుడు హైదరాబాదులోని గచ్చిబౌలిలో ఉన్న ట్రిపుల్ ఐటీ వారు ఒక పని మొదలుపెట్టారు. అమెరికా కంపెనీ ఇంటెల్ వారితో చేయి కలిపారు. అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞుడు ఒకరు కూడా ఇందులో పాల్గొన్నారు. ట్రిపుల్ ఐటీ తరఫున ఆచార్య సి.వి. జవహర్ వంటివారు పని చేశారు.

కారుకు కెమెరా కట్టి హైదరాబాదు, బెంగుళూరు రోడ్ల మీద, ఊరి బయట కూడా తిప్పారు. 182 సార్లు తిప్పి తీసిన వాటిలోంచి 10 వేల బొమ్మలు ఎంచారు. వాటిలోని వస్తువులను 34 రకాలుగా విడదీసి పేర్లు రాశారు. అందులో ఆటో ఉంది. పశువు ఉంది. రోడ్డు పక్కన ఉండే మట్టి బాట కూడా ఉంది. 2018లో ఈ మన దేశపు వాచకం బయటికి వచ్చింది.

అదే సంవత్సరం జర్మనీలోని మ్యూనిక్ నగరంలో పెద్ద సదస్సు జరిగింది. అక్కడ ఈ బొమ్మలతో పరిశోధకులకు పోటీ పెట్టారు. మొదట జర్మనీ రోడ్లు మనకు పాఠం అయ్యాయి. తరువాత మన రోడ్లు వాళ్లకు పాఠం అయ్యాయి. కలిసి పని చేయడమంటే ఇదే. ఒకరు ఇవ్వడం, ఒకరు తీసుకోవడం మాత్రమే కాదు.

కెమెరా బస్సు ఎక్కింది

2021లో నాగపూర్ సిటీ బస్సులతో ఒక పథకం మొదలైంది. ట్రిపుల్ ఐటీ, ఇంటెల్, ఢిల్లీలోని కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ, ఇంకా కొందరు దీనిలో ఉన్నారు. తరువాత తెలంగాణ ఆర్టీసీలో దూరం పోయే కొన్ని బస్సులకు కూడా ఈ కెమెరాలు పెట్టారు.

కెమెరా బస్సు ముందు అద్దానికి ఉంటుంది. ముందు బండికి బస్సు మరీ దగ్గరగా పోతే చప్పుడు చేస్తుంది. మనిషి అడ్డం వస్తే చప్పుడు చేస్తుంది. బ్రేకు వేయవలసింది డ్రైవరే.

ఇంకో మేలు ఉంది. చప్పుడు ఎక్కడెక్కడ ఎక్కువ సార్లు వచ్చిందో రాసి పెడతారు. ఒక చోట ప్రమాదం జరగలేదు. కానీ రోజూ తృటిలో తప్పిపోతున్నది. అట్లాంటి చోటు రేపో మాపో ప్రాణం తీస్తుంది. ముందే తెలిస్తే అక్కడ దీపమో, స్పీడ్ బ్రేకరో, దాటే చారలో వేయవచ్చు.

సంగారెడ్డి జిల్లా కందిలో ఐ.ఐ.టి. ఉంది. 2022లో అక్కడ జపాన్ కంపెనీ సుజుకి, మన మారుతి కలిసి ఇంకో ప్రయోగం చూపించాయి. అంబులెన్సు వెనుక నుంచి వస్తున్నదని ముందు కారుకు ముందే కబురు అందుతుంది. కారు పక్కకు తప్పుకుంటుంది. ఇరుకు రోడ్లున్న పాతబస్తీకి ఇట్లాంటిది వస్తే ఎన్నో ప్రాణాలు నిలుస్తాయి.

"దీంతో మాకేం పని?"

బస్సు కోసం నిలబడిన ఆడవాళ్లు ఈ మాట అడగవచ్చు. అడగవలసిందే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సులో ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సు ఎక్కేవాళ్లలో ఆడవాళ్లు బాగా పెరిగారు. బస్సు దిగి రోడ్డు దాటేది కూడా వాళ్లే. కాబట్టి బస్సు భద్రత వాళ్ల భద్రతే.

ఒక మాట మరవకూడదు. కెమెరా ఫుట్‌పాత్ కట్టదు. వీధి దీపం వెలిగించదు. అవి అడిగి సాధించుకోవాలి. ప్రమాదం తృటిలో తప్పే చోటు ఏదో బస్తీ ఆడవాళ్లకు కెమెరా కంటే బాగా తెలుసు. తెలిసినదాన్ని కాగితం మీద పెట్టాలి. మూడు విషయాలు రాస్తే చాలు. ఏ చోట? ఏ వేళ? ఏం జరిగింది?

"స్టేషన్ దగ్గరి మలుపు. పొద్దున 8 గంటలు. పిల్లలు బడికి పోతుంటే లారీలు ఆగడం లేదు. దాటే చారలు వేయించండి."

కింద పదిమంది సంతకాలు. అర్జీ ఒకటి ట్రాఫిక్ పోలీసులకు, ఒకటి మున్సిపల్ ఆఫీసుకు ఇవ్వాలి. నకలు దగ్గర ఉంచుకోవాలి. తారీఖు వేయించుకోవాలి. పదివేల బొమ్మలు చదివిన కంప్యూటరు కూడా ఈ అర్జీ రాయలేదు. చదువు నేర్చిన బస్తీ ఆడవాళ్లే రాయగలరు.