చేతికి వచ్చిన సొమ్ము: అప్పు కట్టుటయా, నిలువ ఉంచుటయా?

పంట అమ్మగా, ఖర్చులు పోను, మీ చేతిలో లక్ష రూపాయలు మిగిలినవనుకొందము. భూమి తనఖా పెట్టి బావి కొరకు తెచ్చిన దీర్ఘకాలిక ఋణము ఇంకను నాలుగు లక్షలున్నది. ఈ ఏటి వాయిదా కట్టివేసినారు. మిగిలిన లక్షను కూడ అసలుకు జమకట్టవలెనా, లేక డిపాజిట్టు వేసికొనవలెనా?

ఋణముపై వడ్డీ 11 శాతము, డిపాజిట్టుపై 6.5 శాతము అనుకొందము. మీ పాసుపుస్తకములోని అంకెలు వేరుగా నున్నచో వానినే వేసికొని చూడుడు. లక్ష కట్టినచో ఏడాదికి 11,000 రూపాయల వడ్డీ తప్పును. డిపాజిట్టు వేసినచో 6,500 వచ్చును. కనుక అప్పు కట్టుటయే 4,500 లాభము. లెక్క సరియైనదే గాని ఇందులో వానకు చోటు లేదు.

బ్యాంకుకు ముందుగా కట్టిన సొమ్మును జూన్‌లో విత్తనము కొరకు తిరిగి అడిగిన ఇయ్యరు. అప్పుడు పోవలసినది వడ్డీ వ్యాపారి యింటికే. నూటికి నెలకు రెండు రూపాయలనగా ఏడాదికి 24 శాతము. 60,000 రూపాయలు ఆరు నెలలకు తెచ్చినచో వడ్డీయే 7,200 అగును. అతడే పంట కొనువాడైనచో ధర కూడ అతడు చెప్పినదే. ఇందుకు బదులు లక్షలో 60,000 నిలువ ఉంచి 40,000 మాత్రమే ఋణమునకు కట్టినచో, మీకు తగ్గు లాభము ఏడాదికి 2,700 రూపాయలు. నా అభిప్రాయములో మెట్ట రైతునకు ఇది అధికమైన ఖర్చు కాదు.

ఎంత నిలువ ఉంచవలెననునది మీ నీటి వసతిని బట్టి యుండును. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వర్షముతో వేరుసెనగ పండించు అనంతపురము రైతు ఒక పైరు పెట్టుబడిని, ఆరు నెలల యింటి ఖర్చును తీసి ఉంచిన పిమ్మటనే అప్పు సంగతి చూడవలెను. గోదావరి కాలువ క్రింది రైతునకు ఇందులో సగము చాలవచ్చును.

ప్రైవేటు అప్పు ఉన్నచో ఈ చర్చయే అక్కరలేదు, ముందుగా దానిని తీర్చుడు. పంట ఋణము సంగతి వేరు. 3 లక్షల వరకు 7 శాతము వడ్డీపై ఇచ్చు ఈ ఋణమును గడువులోగా కట్టినవారికి కేంద్ర ప్రభుత్వ రాయితీ 3 శాతము పోగా, పడునది 4 శాతమే. డిపాజిట్టు వడ్డీకంటె ఇది తక్కువ. దీనిని నెలల ముందు కట్టి లాభము లేదు, గడువు తేదీని మాత్రము దాటనీయరాదు.

నిలువ సొమ్ము ఎక్కడ ఉంచినారో కూడ చూచుకొనుడు. 2020 ఫిబ్రవరి నుండి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకు డిపాజిట్టు బీమా కలదు. గ్రామములోని ప్రాథమిక సహకార పరపతి సంఘమునకు ఈ బీమా వర్తించదు. చీటీల మాట చెప్పనక్కరలేదు.

ఋణమునకు ముందుగా కట్టదలచినచో, అందుకు రుసుము ఏమైన కలదాయని మొదట అడుగుడు. సొమ్మును రాబోవు వాయిదాకు గాక అసలుకే జమ చేయవలెనని కాగితముపై వ్రాసి ఇచ్చి రసీదు తీసికొనుడు. వాయిదా మొత్తము తగ్గించెదరా, గడువు తగ్గించెదరా అని అడిగినచో, వాయిదా కట్టగల శక్తి ఉన్నవారు గడువునే తగ్గించుకొనవలెను. వడ్డీ ఎక్కువగా మిగులును, భూమి పత్రములు త్వరగా ఇంటికి వచ్చును.