వంజరం పంటికి తెగని తీగ ఏది?
గేలం ముందు మూరెడు తీగపైనే జాలరి లాభనష్టాలు

విశాఖపట్నం: ఇంధనం పోసుకుని, ఎర సిద్ధం చేసుకుని, చీకటితో సముద్రం మీదికి వెళ్ళిన జాలరికి అన్నీ కలిసివచ్చినా చివరి మూర దగ్గర దెబ్బ తగిలే రోజులుంటాయి. చేప గేలాన్ని అందుకుంటుంది. దారం బిగుస్తుంది. అంతలోనే వదులైపోతుంది. పైకి లాగి చూస్తే కత్తితో కోసినట్టు నున్నగా తెగిన కొస తప్ప మరేమీ ఉండదు. చేప పోయింది, గేలం పోయింది, ఎర కూడా పోయింది.

ఉత్తర కోస్తాలో కోనెం అని కూడా పిలిచే వంజరం చేప చేసే పని ఇది. రెండు మీటర్లకు పైగా పెరిగే జాతి వంజరానికి దవడల నిండా వరుసగా త్రికోణాకారపు పళ్ళుంటాయి. అవి చిన్న చిన్న బ్లేడుల్లా పలుచగా, పదునుగా ఉంటాయి. పై వరుస, కింది వరుస కలిస్తే కత్తెర వేసినట్టే. బిగిసి ఉన్న నైలాన్ దారం మిల్లీమీటరు మందం ఉన్నా ఆ పంటికి ఆగదు. రేవులో కిలో వందల రూపాయలు పలికే చేప కాబట్టి, ఒక్కటి తెంచుకుపోయినా ఆ రోజు ఖర్చు కూడా గిట్టకపోవచ్చు. అందుకే గేలానికి, దారానికి మధ్య తీగ కట్టడం తప్పనిసరి. అయితే ఏ తీగ కట్టాలన్నదే అసలు సమస్య.

మందం పెరిగితే చేప బెదురుతుంది

లావుపాటి తీగ కడితే తెగే భయం ఉండదని చాలామంది అనుకుంటారు. కాని వంజరానికి చూపు చురుకు. నీరు తేటగా ఉన్న రోజున లావు తీగను చూసి ఎరను ముట్టకుండానే పక్కకు తప్పుకుంటుంది. తెగకూడదు, కనిపించకూడదు. ఈ రెండింటికీ మధ్య కుదిరే తీగనే ఎంచుకోవాలి.

ఒంటిపోగు స్టెయిన్‌లెస్ స్టీలు తీగ ఇందుకు బాగా సరిపోతుంది. మిల్లీమీటరులో మూడో వంతు నుంచి సగం లోపు మందం చాలు. పంటికి తెగదు. సన్నగా ఉంటుంది కాబట్టి నీటిలో అంతగా కనబడదు. మెరుపు తీగ కన్నా గోధుమ రంగు మందగింపు తీగ మేలు. దీనికున్న దోషమల్లా మడత పడటమే. ఒకసారి మెలిక పడిందంటే చేతితో సాపు చేసినా ఆ చోట బలం పోయినట్టే. తరువాతి చేప లాగినప్పుడు అక్కడే విరుగుతుంది.

ఏడు పోగులు పేనిన తీగ మెత్తగా వంగుతుంది, తొందరగా మడత పడదు. కాని చేప కొరికినప్పుడల్లా ఒక్కొక్క పోగే తెగి చీలిపోతుంది. దీనిని ముడి వేయకుండా చిన్న లోహపు గొట్టంలో దూర్చి నొక్కాలి. టైటానియం కలిసిన తీగ వంచినా తిరిగి సాపవుతుంది, పలుమార్లు పనికివస్తుంది. ధర మాత్రం ఎక్కువ. ఇనుప కొట్టులో దొరికే బైండింగు వైరు చవకే అయినా ఉప్పునీటికి త్వరగా తుప్పు పడుతుంది.

అమెరికా, కెనడాల మంచినీటి సరస్సుల్లో పైక్, మస్కీ అనే పొడవు మూతి చేపలున్నాయి. వాటికీ వాడి పళ్ళే. అక్కడ సరదాకు గాలం వేసేవారిలో పలువురు రబ్బరు చేపను ఎరగా పెట్టి, దాని ముందు లావుపాటి ఫ్లోరోకార్బన్ దారం కడతారు. ఇది నైలాన్ కన్నా గట్టిది, నీటిలో తక్కువ కనబడుతుంది. అయితే ఆ చేపల పళ్ళు సూదుల్లా గుచ్చుకునే రకం. కత్తెరలా కోసే వంజరం విషయంలో ఆ దారాన్ని నమ్ముకోవడం ప్రమాదమే.

రబ్బరు ఎరకు బరువు తీగ చేటు

మెత్తని రబ్బరు చేప తోక ఆడిస్తూ ఈదితేనే అసలు చేప మోసపోతుంది. బరువైన తీగ కడితే ఎర మూతి కిందికి వంగి కదలిక చచ్చిపోతుంది. విసిరి లాగే రబ్బరు ఎరకు సన్నని తీగ జానెడు నుంచి మూరెడు చాలు. పడవ వెనుక ఈడ్చే గేలానికి ఇంకొంచెం పొడవు ఉండాలి. వంజరం తరచు ఎర తోకను కొరికి వెళ్ళిపోతుంది. కాబట్టి తోక దగ్గర రెండో గేలాన్ని కట్టి, దానినీ తీగతోనే కలపాలి. దారానికి, తీగకు నడుమ ఉండే తిరుగుడు కొక్కెం చిన్నదిగా, నల్లగా ఉండాలి. మెరిసేదైతే గుంపులోని మరో చేప దానిని కొరకబోయి పైదారాన్ని తెంచుతుంది.

ముడి కాదు, మెలి

ఒంటిపోగు తీగకు దారపు ముడి నిలవదు. తీగను గేలం కన్నంలో దూర్చి వెనక్కి మడిచి, రెండు పోగులను ఒకదానితో ఒకటి సమానంగా నాలుగైదు చుట్లు మెలిపెట్టాలి. ఒకటి తిన్నగా ఉండి రెండోదే దాని చుట్టూ తిరిగితే లాగినప్పుడు జారిపోతుంది. ఆపైన కొసను అసలు తీగ చుట్టూ అడ్డంగా, పక్కపక్కనే మరో నాలుగైదు చుట్లు చుట్టాలి. మిగిలిన కొసను పటకారుతో కత్తిరించరాదు. ముందుకు వెనక్కి వంచితే మొదట్లోనే విరుగుతుంది. కత్తిరిస్తే మిగిలే మొన అరచేతిని చీరుతుంది.

చేప పడవ దగ్గరకు వచ్చాక తీగను చేతికి చుట్టుకుని లాగడం మరీ అపాయం. చేప ఒక్కసారి కిందికి దూకితే తీగ మాంసంలోకి దిగుతుంది. వేళ్ళు పోగొట్టుకునే ప్రమాదం ఉంది. మందపాటి చేతితొడుగు వేసుకుని పట్టుకోవాలి, చుట్టుకోకూడదు.

చేప పడిన ప్రతిసారీ తీగను రెండు వేళ్ళతో తడిమి చూసుకోవాలి. మెలిక తగిలితే మార్చేయాలి. ఒడ్డుకు వచ్చాక మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. కొద్దిపాటి తీగ దగ్గర పొదుపు చూసుకుంటే వేల రూపాయల చేప చేజారుతుంది. తెంచుకుపోయిన చేపకూ సుఖం లేదు. నోట్లో గేలంతో మేత తినలేక చచ్చేవీ ఉంటాయి. అది జాలరికీ దక్కదు, సముద్రానికీ మిగలదు.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం. వలలు, గేలాలు బాగుచేసుకునే కాలం అదే. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం, సిఫ్నెట్ శిక్షణ విభాగం రెండూ విశాఖలోనే ఉన్నాయి. ఆ రోజుల్లో నిపుణులు రేవులకు వచ్చి, తీగ ఎంపికను, మెలిపెట్టే తీరును కుర్రకారుకు చేసి చూపిస్తే గేలాలనే నమ్ముకున్న కుటుంబాలకు ఎంతో మేలు చేసినవారవుతారు.