తుపాను దారి తెలిసినా బలం తెలీదేం?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సుమారు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖ మీద విరుచుకుపడ్డాక, వాయుగుండం అంటే చాలు, మా గాజువాకలో అందరి చెవులూ వార్తల మీదే! ‘ఎటొస్తుందో చెప్పేవాళ్లు ఎంత బలంగా వస్తుందో గట్టిగా చెప్పరేం?’ అంటుంది మా పక్కింటావిడ.

కిటుకు కొంత సముద్రంలో ఉంది. తుపానుకి తిండి సముద్రపు వేడే. గాలికి కెరటాలు కలబడి అడుగునున్న చన్నీళ్లు పైకొస్తే దాని జోరు తగ్గుతుంది. కానీ వానాకాలం వెళ్లాక గంగ, గోదావరి తెచ్చిన మంచినీరు బంగాళాఖాతంలో పాలమీద మీగడలా పైనే తేలి, ఆ చన్నీళ్లను రానివ్వదు.

గాలినీ సముద్రాన్నీ కలిపి లెక్కగట్టే కంప్యూటర్ నమూనాలు వచ్చాక అంచనాలు మెరుగయ్యాయి. ఈ మీగడ మందం పట్టుకోవడం వాటికింకా కష్టం. అందుకే బలం తక్కువన్నా తేలిగ్గా తీసుకోకండి. బిందెలు నింపుకోండి, ముఖ్యమైన కాగితాలు తడవకుండా మూటగట్టుకోండి.