పేరును చూసి చేర్పించాలా, చదువు చెప్పేవారిని చూసి చేర్పించాలా?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన తరువాత మా మద్రసాకు వచ్చే తల్లిదండ్రుల సంఖ్య పెరుగుతుంది. వారు అడిగేది నమాజు, రోజాల మసాయిల్ కాదు. పిల్లలను ఎక్కడ చేర్పించాలన్నదే వారి ప్రశ్న. గత సంవత్సరం జవహర్‌నగర్‌లో నివసించే ఒక సోదరుడు అస్ర్ నమాజు ముగిశాక మా వద్దకు వచ్చి కూర్చున్నారు. ఆయన సెంట్రింగ్ మేస్త్రీ. కుమార్తె ఇంటర్ మంచి మార్కులతో ఉత్తీర్ణురాలైంది. 'దోస్త్' ద్వారా ఒక చిన్న డిగ్రీ కళాశాలలో బి.ఏ. సీటు వచ్చింది. అమ్మాయికి ఆర్థికశాస్త్రం ఇష్టం. తండ్రికి మాత్రం ఆ కళాశాల నచ్చలేదు.

"హజ్రత్, నేను రోజూ బిట్స్ గేటు ముందు నుంచే పనికి పోతాను. ఆ పిల్లలను చూసినప్పుడల్లా మా బేటీ కూడా అలాంటి పెద్ద యూనివర్సిటీలో చదవాలనిపిస్తుంది. నలుగురు అడిగితే చెప్పుకోవడానికి ఒక పేరుండాలి కదా!" అన్నారాయన.

ఆయన అప్పటికే ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో విచారించి వచ్చారు. అక్కడి ఫీజు కట్టాలంటే భార్య నగలు అమ్మాలి. అవీ చాలవు, మిగిలిన మొత్తానికి వడ్డీ రుణం తీసుకోవాలి. వడ్డీ హరామని ఆయనకు తెలుసు. తెలిసినందువల్లనే మా వద్దకు వచ్చారు. "వద్దంటే పిల్ల భవిష్యత్తు పాడు చేసినవాడినవుతానేమో" అన్నప్పుడు ఆయన కళ్ళు చెమర్చాయి.

ఆ సోదరుని ఆశను మేము తప్పుపట్టలేదు. బిట్స్ పిలానీ వారి హైదరాబాద్ ప్రాంగణం 2008లో జవహర్‌నగర్‌లోనే ప్రారంభమైంది. 1998లో ఏర్పడిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం పక్కనున్న శామీర్‌పేటలోనే ఉంది. మన పిల్లలు బిట్‌శాట్, క్లాట్ వంటి ప్రవేశ పరీక్షలు రాసి వాటిలో సీటు సాధించి, ఆ ఖర్చుకు ధర్మబద్ధమైన మార్గం కూడా లభిస్తే సంతోషంగా పంపించాలి. పేరుకు విలువ లేదని మేము అనము. ఒకప్పుడు మా సనదును ఒక కార్యాలయంలో చూపినప్పుడు, "ఇది ఏ యూనివర్సిటీది?" అని అడిగి పక్కన పెట్టేశారు. గుర్తింపు లేని చదువు ఎంత ఇబ్బంది పెడుతుందో మాకు అనుభవమే.

అయితే గుర్తింపు వేరు, ప్రఖ్యాతి వేరు. మన దేశంలో 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడినప్పుడు అవి ప్రధానంగా పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థలు. పాఠాలు చెప్పినవి వాటికి అనుబంధంగా ఉన్న కళాశాలలు. ఆ పద్ధతి నేటికీ కొనసాగుతున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అనుబంధమైన చిన్న కళాశాలలో చదివిన విద్యార్థినికి లభించే డిగ్రీ ఉస్మానియాదే. ఆ తరువాత 'సీపీగెట్' రాసి అదే విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఎం.ఏ. చేయవచ్చు. సీయూఈటీ రాసి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకూ వెళ్ళవచ్చు. చిన్న కళాశాలలో చేరినంత మాత్రాన పెద్ద విశ్వవిద్యాలయం తలుపు మూసుకుపోదు. ఈ సంగతి తెలియకనే చాలా కుటుంబాలు అప్పుల పాలవుతున్నాయి.

ఇక చదువు విషయం. మన దీనీ విద్యా సంప్రదాయంలో ఇజాజత్ ఇచ్చేది ఉస్తాద్. "ఎక్కడ చదివావు?" అనే ప్రశ్న కంటే "ఎవరి వద్ద చదివావు?" అనే ప్రశ్నకే పెద్దలు ఎక్కువ విలువనిచ్చారు. ఉస్తాద్ షాగిర్దును పేరుతో ఎరుగును, అతని తప్పు చదువును విని సరిదిద్దును. అమెరికాలోనూ ఇలాంటి ఆలోచనతోనే నడిచే చిన్న కళాశాలలున్నాయి. 1793లో వెలసిన విలియమ్స్, 1821లో వెలసిన ఆమ్హర్స్ట్ కళాశాలల్లో విద్యార్థులు సుమారు రెండేసి వేల మంది మాత్రమే. సాహిత్యం, చరిత్ర, గణితం, విజ్ఞానశాస్త్రం అన్నీ అక్కడ బోధిస్తారు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ విద్యార్థుల తరగతులు కొన్ని పరిశోధక విద్యార్థుల చేతిలో ఉంటే, ఇక్కడ ఆచార్యులే స్వయంగా పాఠం చెబుతారు.

మన తెలుగు నేలపై కర్నూలును చూడండి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన డాక్టర్ అబ్దుల్ హఖ్ 1947లో తమ కర్నూలులో ఉస్మానియా కళాశాలను స్థాపించారు. ప్రపంచ ప్రసిద్ధ విశ్వవిద్యాలయం విలువ ఆయనకు బాగా తెలుసు. దూర నగరాలకు వెళ్ళలేని పిల్లలకు ఇంటి దాపున ఒక కళాశాల ఎంత అవసరమో కూడా తెలుసు. నేడు కర్నూలులో ఆయన పేరుతో ఉర్దూ విశ్వవిద్యాలయమే ఉన్నది.

చిన్న కళాశాలలన్నీ మంచివేనని మా ఉద్దేశం కాదు. అధ్యాపకులు లేక, గ్రంథాలయానికి తాళం వేసి, పరీక్షల ముందు మాత్రమే తెరుచుకునేవి కూడా ఉంటాయి. అలాగే "ఆడపిల్ల కదా, దగ్గరలో ఏదో ఒకటి చాలు" అనడమూ అన్యాయమే. 1924లో మొదలైన కోఠీ మహిళా కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ప్రయాణం ఉచితం. మంచి చదువు దూరాన ఉంటే అమ్మాయిని పంపించాలి. పేరు కోసం అప్పు చేయడం, దగ్గరని సర్దుకోవడం, ఈ రెండింటిలోనూ బిడ్డ చదువు వెనుకకు పోతుంది.

కనుక ప్రవేశానికి ముందు తల్లిదండ్రులు స్వయంగా వెళ్ళి విచారించాలి. కళాశాల ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధం? బిడ్డ కోరిన విషయానికి శాశ్వత అధ్యాపకులు ఎందరు? తరగతిలో విద్యార్థులు ఎందరు? గ్రంథాలయం పనిదినాల్లో తెరిచి ఉంటుందా? ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందా? మూడేళ్ళకు మొత్తం ఖర్చెంత? క్రితం సంవత్సరం చదువు ముగించినవారు ఇప్పుడెక్కడ ఉన్నారు? ఈ చివరి ప్రశ్నకు జవాబు కార్యాలయంలో కాక, విద్యార్థులనే అడిగి తెలుసుకోవాలి.

ఆ సోదరునికి మేము చెప్పినది ఇదే: "భాయ్, ఇస్తిఖారా తప్పక చేయండి. కాని విచారణ మానుకోవడానికి ఇస్తిఖారాను సాకుగా చేసుకోవద్దు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తమ సహచరులతో మష్వరా చేసేవారు. మీరు మీ బేటీతో మష్వరా చేశారా?" ఆయన తల వంచుకుని, "లేదు హజ్రత్, ఆమె తల్లితో కూడా చేయలేదు" అన్నారు.

మరుసటి వారం తల్లీ తండ్రీ కూతురూ కలిసి రెండు చోట్లకూ వెళ్ళారు. అమ్మాయి చిన్న కళాశాలలో ఆర్థికశాస్త్ర అధ్యాపకురాలితో అరగంట మాట్లాడింది. బయటికి వచ్చి, "అబ్బా, నేను ఇక్కడే చదువుతాను. అమ్మీ నగలు అమ్మవద్దు" అన్నది. వడ్డీ రుణం అవసరం రాలేదు. అల్‌హమ్దులిల్లాహ్.

మొన్న జుమా నాడు మసీదు మెట్ల వద్ద ఎవరో ఆ సోదరుణ్ణి మీ అమ్మాయి ఏ కాలేజీలో చదువుతున్నదని అడిగారు. ఆయన కళాశాల పేరు చెప్పి ఊరుకోలేదు. ఆర్థికశాస్త్రం మేడమ్ తన కుమార్తె చేత తరగతిలో పాఠం చెప్పించారని, ఎం.ఏ. ప్రవేశ పరీక్షకు ఇప్పటి నుంచే పుస్తకాలు ఇస్తున్నారని ఎంతో సంతోషంగా వివరిస్తున్నారు. అడిగినవారికి కళాశాల పేరు గుర్తున్నదో లేదో మాకు తెలియదు. ఆ బిడ్డకు చదువు చెప్పేవారు మాత్రం దొరికారు. మన బిడ్డలందరికీ అల్లాహ్ అలాంటి గురువులను ప్రసాదించుగాక. ఆమీన్.