గ్రీస్ యూరోని ఎందుకు వదల్లేకపోయింది? పర్ణశాల రేవు నుంచి చెప్తా

ఇవాళ పర్ణశాల రేవులో కూర్చుని మాట్లాడుతున్నా, వెనకాల పడవ మోటార్ సౌండ్ వస్తే ఏమనుకోకండి. చాలామంది అడిగేది ఒకటే: గ్రీస్ అంత అప్పుల్లో ఉన్నప్పుడు యూరో వదిలేసి, సొంత నోట్లు అచ్చేసుకుని తీర్చేయొచ్చు కదా?

దీనికి జవాబు ఈ గోదావరి దగ్గరే దొరుకుద్ది. నేను కూర్చున్న ఈ ఒడ్డు 1860లో నిజాం చేతిలోంచి బ్రిటిష్ వాళ్లకి పోయింది. ఎదురుగా కనిపించే మణుగూరు వైపు నిజాం దగ్గరే ఉండిపోయింది. అంటే ఇటు బ్రిటిష్ రూపాయి, అటు హాలీ సిక్కా. ఏరు దాటితే డబ్బే వేరు. బ్రిటిష్ రూపాయిని నిజాం రాజ్యంలో కల్దార్ అనేవాళ్లు. దాదాపు ఏడు హాలీలకి ఆరు కల్దార్లు.

ఊరికే ఉదాహరణకి అనుకోండి, అవతలి ఒడ్డు రైతు ఇవతలి షావుకారు దగ్గర 600 కల్దార్లు అప్పు చేశాడు. 700 హాలీలిస్తే తీరిపోద్ది. హాలీ విలువ పడిపోయి, ఎనిమిదికి ఆరు అయిందనుకోండి. అదే అప్పు 800 అవుద్ది. షావుకారు వడ్డీ పెంచలేదు, రైతు పైసా ఎక్కువ వాడలేదు.

మా పెదనాన్న కొడుకుది ఇదే కథ. డాలర్ లోన్‌తో అమెరికాలో చదివి, ఉద్యోగం దొరక్క తిరిగొచ్చాడు. జీతం రూపాయల్లో, ఈఎంఐ డాలర్లలో. పొద్దున్నే లేచి వాట్సాప్ కంటే ముందు డాలర్ రేటు చూస్తాడు.

గ్రీస్ 2001లో యూరోలోకి వచ్చింది, ఒక యూరోకి 340.75 డ్రాక్మాల లెక్కన. 2015 నాటికి అప్పులో ఎక్కువ భాగం యూరప్‌కి, ఐఎంఎఫ్‌కి కట్టాల్సింది. డ్రాక్మా మళ్లీ తెస్తే విలువ పడిపోద్దని అందరికీ తెలుసు. అందుకే జనం ముందే బ్యాంకుల్లోంచి యూరోలు లాగేశారు. జూన్ 29న బ్యాంకులు మూసేశారు, ఏటీఎంలో రోజుకి 60 యూరోలే. మన నోట్ల రద్దు లైన్లు గుర్తొస్తున్నాయా?

జూలై 5 ఓటింగ్‌లో 61 శాతం మంది వద్దన్నారు. వద్దన్నది అప్పిచ్చినవాళ్ల షరతుల్ని, యూరోని కాదు. ఇది చాలామంది తప్పుగా చెప్తారు. వారం తిరిగేసరికి అదే ప్రభుత్వం షరతులకి ఒప్పుకుంది. పెన్షన్లు కోసి మరీ కట్టించారు, అది అన్యాయమనే అంటా. వదిలేస్తే లాభమే లేదా అంటే, ఉంది. డ్రాక్మా చౌకైతే టూరిస్టులు ఎగబడి వచ్చేవాళ్లు. కానీ అది తర్వాతి సంగతి. మందులు, పెట్రోల్ మాత్రం రేపే కొనాలిగా.

మన హాలీ దీనికి రివర్స్. 1950లో ఇండియన్ రూపాయి వచ్చింది, ఏడుకి ఆరు అని రేటు కట్టేశారు. హాలీ చెల్లదన్నది 1959లో, తొమ్మిదేళ్లు టైమిచ్చాక. ఈ ఒడ్డు ఖమ్మం జిల్లాలో కలిసింది కూడా ఆ ఏడాదే.